నర్సింగ్ విద్యార్థుల చేత కవిత్వం రాయించడం ఎలా?

ఏటా మే 12న, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం నాడు, చాలా నర్సింగ్ కళాశాలల్లో కవితల పోటీ పెడతారు. తెల్లని దుస్తుల్లో దేవత, చేతిలో దీపం, చిరునవ్వే మందు అనే మాటలు లేకుండా ఒక్క కవితా వేదిక ఎక్కదు. బహుమతి ఇస్తారు, ఫొటో తీస్తారు, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసే ఉండదు. నర్సింగ్ చదువులో కవిత్వానికి ఇంతే చోటు అనుకోవడం పిల్లలకు అన్యాయం చేయడమే. రోగిని చూడడం నేర్పడానికి కవితను మించిన సాధనం నాకు తెలియదు. అలా నేర్పాలనుకునే ట్యూటర్ల కోసం ఇది రాస్తున్నాను.

కావలసినవి: తెల్లకాగితం, పెన్ను, తలుపు మూసుకోగల గది, నలభై నిమిషాలు. పదిమందికి మించకుండా కూర్చోబెట్టండి. ఫోన్లు బయట పెట్టించండి. క్లినికల్ పోస్టింగ్ (ఆసుపత్రి వార్డుల్లో శిక్షణ) ముగిసిన రోజే ఈ తరగతి జరగాలి. మర్నాటికి వాయిదా వేస్తే చూసింది మరచిపోయి పాఠ్యపుస్తకం భాషలో రాస్తారు. టీ తాగి వచ్చాకే మొదలుపెట్టండి, ఆకలి మీద ఉన్నవాళ్లకు ఏమీ తోచదు.

మొదట కవిత మాట ఎత్తకండి. ఆ రోజు వార్డులో చూసిన ఒక్క మనిషిని తలచుకుని, కంటికి కనిపించినవి, చెవిన పడినవి, చేతికి తగిలినవి మాత్రమే రాయమనండి. పాపం, బాధ, వేదన, సేవ అనే మాటలు నా తరగతిలో నిషిద్ధం. ‘రోగి చాలా బాధలో ఉన్నాడు’ అని ఎవరైనా రాస్తే ‘నీకెలా తెలిసింది?’ అని అడగండి. ‘మూలుగుతున్నాడు మేడం’ అంటుంది. ‘ఇంకా?’ అని ఆగండి. కాసేపటికి అసలు సంగతి బయటికి వస్తుంది. అతను దుప్పటి అంచును వేళ్ల మధ్య మెలిపెడుతున్నాడు. డ్రెస్సింగ్ ట్రాలీ చక్రాల చప్పుడు వినగానే ఆ మెలి బిగిసింది. అక్కడ కవితకు పాదం దొరికింది, నొప్పి అంచనాకు ఆధారమూ దొరికింది. డ్రెస్సింగ్‌కు ముందు నొప్పి మందు ఇచ్చారా అని అడగాలన్న ఆలోచన ఆ అమ్మాయికి అప్పుడే వస్తుంది. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతో చెప్పమంటే చెప్పలేని పసిపిల్లలు, మాట పడిపోయినవారు మన వార్డుల్లో ఎంతమంది లేరు!

తర్వాత దానికి రూపం ఇవ్వాలి. నానీలే రాయించండి. ఆచార్య ఎన్. గోపి 1997లో మొదలుపెట్టిన ఈ ప్రక్రియకు నియమాలు రెండే: నాలుగు పాదాలు, ఇరవైకి తగ్గకుండా ఇరవై అయిదుకు మించకుండా అక్షరాలు. నేను నమూనాగా బోర్డు మీద రాసేది ఇది:

సూది గుచ్చేటప్పుడు
కళ్లు మూసుకున్నాడు తాత
వణికింది
నా చెయ్యి

వచన కవిత రాయమంటే పేజీలకు పేజీలు ఉపన్యాసం వస్తుంది. నాటిక వేయిస్తే గొంతు ఉన్న ఇద్దరు ముగ్గురే ముందుకొస్తారు. బొమ్మలు వేయమంటే బొమ్మ రానివాళ్లు ముడుచుకుపోతారు. ఇరవై అయిదు అక్షరాల్లో దాక్కోవడానికి చోటుండదు, పైగా పది నిమిషాల్లో అయిపోతుంది. తెలుగు పిల్లలు తెలుగులోనే రాయాలి. రోగి ‘కడుపులో దేవినట్లుంది సిస్టర్’ అంటే ఆ మాట అలాగే కాగితం మీదికి రావాలి.

సిలబస్ పూర్తి కాకముందే ఇవన్నీ ఎందుకని అడిగే ప్రిన్సిపాళ్లకు నేను అమెరికా నర్సింగ్ విద్యావేత్త బార్బరా కార్పర్ పేరు చెబుతాను. నర్సుకు ఉండవలసిన జ్ఞానం నాలుగు రకాలని ఆమె 1978లోనే రాశారు: శాస్త్రం, కళ, నీతి, తనను తాను ఎరగడం. మన పరీక్షలు ప్రధానంగా మొదటిదాన్నే కొలుస్తాయి.

ఇక అసలు కష్టమైన మెట్టు, చదివి వినిపించడం. తరగతి చెడేది ఎక్కువగా ఇక్కడే. దయచేసి తొందరపడకండి.

చదవమని ఎవరినీ బలవంతం చేయకండి. వరుసగా లేపి చదివించడం అసలే వద్దు. ఒకరు చదివాక మూడు నాలుగు ఊపిరుల సేపు ఎవరూ మాట్లాడకూడదు. ఈ మౌనం భరించలేక ట్యూటరే ‘చాలా బాగుంది!’ అనేస్తారు. ఆ మాటతో తరువాతి అమ్మాయికి తనది బాగుంటుందా అన్న బెంగ పట్టుకుంటుంది, కాగితం మడిచేస్తుంది. అక్షరదోషాలు దిద్దకండి, మార్కులు వేయకండి. మార్కులు వచ్చిన రోజే దీపం పట్టుకున్న దేవత కూడా తిరిగొస్తుంది. ఒక్క ప్రశ్న చాలు: ‘నువ్వు చూసిన ఆ చెయ్యి గురించి ఇంకొంచెం చెబుతావా?’

కన్నీళ్లు వస్తాయి. మొదటి మరణాన్ని చూసిన వారంలో తప్పకుండా వస్తాయి. ‘నర్సువి, నువ్వే ఏడిస్తే ఎలా?’ అనే మాట ఆ గదిలో వినిపించకూడదు. నీళ్లు ఇచ్చి, కూర్చుంటుందో బయటికి వెళ్తుందో ఆమెనే ఎంచుకోనివ్వండి. బయటికి వెళ్తే ఒంటరిగా పంపకండి. తరగతి అయ్యాక విడిగా మాట్లాడండి. నిద్ర పట్టడం లేదన్నా, వార్డుకు వెళ్లాలంటే భయమన్నా కళాశాల కౌన్సెలర్ దగ్గరికి మీరే వెంట తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 బోర్డు మీద ఎప్పుడూ ఉండనివ్వండి.

రోగి గుట్టు అంతకన్నా ముఖ్యం. పేరు, పడక నంబరు, ఊరు, తేదీ కవితలో ఉండకూడదు. అవన్నీ తీసేసినా, చిన్న పట్టణంలో వృత్తిని బట్టి, అరుదైన జబ్బును బట్టి మనిషిని పోల్చుకుంటారు, అందుకే ఆ వివరాలు కూడా మార్పించండి. హెచ్.ఐ.వి., ఆత్మహత్యాయత్నం, పెళ్లికాని తల్లి వంటివి రాసుకోవచ్చు గానీ చదివించకండి. హెచ్.ఐ.వి. ఉన్నవారి సంగతి వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది కూడా.

ఒక్కోసారి కవితలో వార్డు లోపం బయటపడుతుంది. రోగి బెడ్‌పాన్ కోసం పిలుస్తూనే ఉన్నాడు, ఎవరూ రాలేదు అని ఎవరో రాస్తారు. దాన్ని మంచి కవితగా మెచ్చుకుని వదిలేస్తే మనం బోధకులమే కాము. అందరి ముందూ తవ్వకుండా, తరగతి తర్వాత ఆ విద్యార్థితో మాట్లాడి, ఆమె పేరు రాకుండా వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌తో ఆ రోజే చెప్పండి.

చివరగా కాగితం తిప్పి, వెనక వైపు ఒక్క వాక్యం రాయించండి: రేపు ఆ రోగి దగ్గర ఏ పని వేరుగా చేస్తావు? ‘ట్రాలీ తోసుకెళ్లే ముందే వెళ్లి చెబుతాను’ వంటి జవాబులు ఆ రోగికి చేయవలసిన సేవల పట్టికలోకి (కేర్ ప్లాన్) నేరుగా ఎక్కుతాయి. ఎవరి కాగితం వారికే ఇచ్చేయండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదని మొదటి రోజే చెప్పండి. కళాశాల పత్రికకు ఇస్తానని విద్యార్థి తానే అడిగితే, ఆ సెమిస్టర్ గడిచాక, వివరాలన్నీ మరోసారి సరిచూసి పంపండి.