నిమ్మగడ్డి నూనె బట్టీ: ఎండలు ముదరకముందే చూసుకోవలసినవి

బట్టీ పెట్టినప్పుడు వాకిలంతా నిమ్మగడ్డి వాసనతో గుమగుమలాడితే మురిసిపోవద్దు. గంజులో గడ్డికి పట్టిన ఆవిరి, నీళ్ల డ్రమ్ములో మునిగిన చుట్టు పైపులోంచి దిగుతూ చల్లారి, నూనె కలిసిన ద్రవంగా సీసాలో పడాలి. వాసన వస్తోందంటే ఆ నూనె గాలిలో కలుస్తోందన్నమాట. ఆ నూనె ఆవిరికి పక్కనే మండుతున్న పొయ్యి మంట తగిలితే అంటుకుంటుంది. మూత దగ్గర వాసన వస్తే అతుకు కారుతోందని, పైపు చివర వాసనతో పాటు ఆవిరి కనబడితే నీళ్లు చల్లార్చడం లేదని అర్థం. రెండింటికీ ముందు చేయాల్సిన పని ఒకటే: పొయ్యి ఆర్పడం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏప్రిల్ దాటాక ఇబ్బంది ఎక్కువగా వచ్చేది చల్లార్చే నీళ్లతోనే. లెక్క చూడండి. డ్రమ్ములోని నీటి వేడి 15 డిగ్రీలు పెరగనిస్తే, ఆవిరి చల్లారి ఒక లీటరు ద్రవంగా దిగడానికి సుమారు 40 లీటర్ల నీళ్లు కావాలి. 25 లీటర్ల గంజులో నీడలో వాడబెట్టిన 3 కిలోల గడ్డి వేసి రెండు గంటలు మరిగిస్తే 4 లీటర్ల దాకా ద్రవం దిగుతుంది, అంటే 160 లీటర్ల నీళ్లు. పొద్దున 5 గంటలకు బోరు నీళ్లు పట్టిన 200 లీటర్ల డ్రమ్ము 28 డిగ్రీల దగ్గర మొదలై పని అయ్యేసరికి 40కి చేరుతుంది, సరిపోతుంది. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు పట్టుకుంటే మొదలే 40 దగ్గర ఉంటాయి, చివరికి 50 దాటుతాయి. అప్పటికి ద్రవం సరిగ్గా చల్లారక, నూనె కొంత ఆవిరిగా గాలిలో కలిసిపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అయితే పొద్దెక్కాక బట్టీ ముట్టించకపోవడమే మేలు. రెండో వాయి వేయాలంటే రెండో డ్రమ్ము ముందే నింపి నీడలో పెట్టుకోండి. కరెంటు పోయి మోటారు ఆగితే, మళ్లీ వస్తుందేమోనని చూడకుండా మంట ఆర్పేయండి.

ఇక ఆవిరి దారి. ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసేసి ఆ రంధ్రానికి సన్న గొట్టం బిగించి బట్టీ అనుకునేవాళ్లు చాలామంది. ఒక్క ఆకు ముక్క అడ్డుపడితే ఆ రంధ్రం మూసుకుపోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. ఆవిరి గొట్టం లోపలి వెడల్పు ముప్పావు అంగుళానికి తగ్గకూడదు. గడ్డిని రెండు మూడు అంగుళాల ముక్కలుగా కోయాలి, పొడి చేయకూడదు. జల్లెడ కింద 7 లీటర్ల నీళ్లు, పైన గడ్డి, గడ్డికీ మూతకీ మధ్య కనీసం మూడు అంగుళాల ఖాళీ. గొట్టం మొదట్లో స్టీలు జాలీ ముక్క పెడితే ఆకు లోపలికి పోదు.

మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తితే చాలు. ఇది చవక అని చెప్పడం లేదు. లోపల ఒత్తిడి పెరిగితే ముందు ఊడేది ఆ పిండే, అదే మనకు సేఫ్టీ వాల్వు. ఆవిరి కారుతోందని మూత మీద పొత్రమో ఇటుకలో పెడితే ఆ వాల్వును మన చేతులతో మూసినట్టే. పిండి ఊడితే మంట ఆర్పి, గొట్టం చల్లారాక అడ్డు తీసి, మళ్లీ మెత్తుకోవాలి.

చుట్టు పైపు పైనుంచి కిందికి ఎక్కడా కుంగకుండా వాలుగా దిగాలి. మధ్యలో పల్లం ఉంటే నీళ్లు నిలిచి ఆవిరికి అడ్డమవుతాయి. చివరి మొనను సీసాలోని ద్రవంలో ముంచొద్దు. మంట ఆరి గంజు చల్లారేటప్పుడు లోపల వెలితి ఏర్పడి ద్రవాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. సీసా పొయ్యికి ఆరడుగులకు తక్కువ కాకుండా, సీసా మీది గాలి పొయ్యి వైపు వీచని పక్కన ఉండాలి. నీలగిరి ఆకు వేస్తే మరింత దూరం, దాని నూనె ఆవిరి 50 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు.

సామాను స్టీలుది గానీ రాగిది గానీ వాడండి. జింకు పూత రేకు, పీవీసీ పైపు, మామూలు రబ్బరు వాషరు పనికిరావు. నిమ్మగడ్డి నూనె పీవీసీని, రబ్బరును మెత్తబరిచి, ఉబ్బించి పాడుచేస్తుంది, ఆ కంపు నూనెకు పడుతుంది. ఏడాదంతా మూలన పడి ఉన్న బట్టీలో ముందుగా గడ్డి వేయొద్దు. ఉత్త నీళ్లతో అరగంట మరిగించి ప్రతి అతుకునూ చూడండి. మన బోరు నీళ్ల సున్నం చుట్టు పైపు మీద పొరకట్టి ఉంటుంది, ఆ పొర ఉంటే ఎన్ని నీళ్లు పోసినా చల్లబడదు. లీటరుకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి కడగండి. గంజులోకి భగీరథ నల్లా నీళ్లు, డ్రమ్ములోకి బోరు నీళ్లు అనుకుంటే సగం బాధ తప్పుతుంది.

చోటు ముఖ్యం. యాసంగి కోతలయ్యాక దొడ్లో వరిగడ్డి వాము ఉంటుంది. దానికి కనీసం 30 అడుగుల దూరంలో, రేకుల గదిలో కాకుండా ఆరుబయట పొయ్యి పెట్టండి. దగ్గర ఒక బకెట్ ఇసుక, తడిపిన గోనెసంచి, వీలైతే పౌడరు అగ్నిమాపక సిలిండరు ఉంచండి. నూనె అంటుకుంటే నీళ్లు కొట్టొద్దు, మంట ఇంకా పరుచుకుంటుంది. నైలాన్ చీర, చున్నీ వద్దు, నూలు బట్టలే. గ్యాసు వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటరు ఆపి 1906కు ఫోన్ చేయండి.

చెప్పాల్సిన ఇంకో మాట: పొయ్యి, గంజు, చుట్టు పైపు చూస్తే దూరం నుంచి గుడుంబా బట్టీకీ దీనికీ తేడా తెలియదు. 1968 ఎక్సైజ్ చట్టం కింద సారా కాచే సామాను ఉంచుకోవడమూ నేరమే. కాబట్టి బట్టీ దగ్గర నల్లబెల్లం, పులిసిన ఇప్పపువ్వు లాంటివి ఉంచకండి, చాటుగా కాకుండా నలుగురికీ కనబడేచోట పెట్టుకోండి, పంచాయతీలో ఒక మాట చెప్పండి.

గడ్డిని నేలకు నాలుగైదు అంగుళాల పైన కోసి, నీడలో ఒక పూట వాడనివ్వండి. ఎండలో వేస్తే నూనె పోతుంది. గట్టున కోసిన గడ్డిలో వయ్యారిభామ కలిసి వస్తుంది, ఏరేయండి, చేతులకు దద్దుర్లు లేస్తాయి. కంచె గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త బట్టీలో వేయనే కూడదు. 3 కిలోలకు వచ్చేది 12 నుంచి 20 మిల్లీలీటర్లే. ఆశపడి మంట పెంచితే అడుగు మాడుతుంది, నూనె పెరగదు. వట్టివేరు మాత్రం ఇంటి పొయ్యి మీద వద్దు. దానికి 18 గంటలకు పైగా ఆవిరి పట్టాలి, పైగా ఆ నూనె బరువు నీటి బరువుకు దగ్గరగా ఉండి సరిగ్గా విడిపోదు. నిద్రకళ్లతో బట్టీ కాపలా కాయడమంత ప్రమాదం ఇంకోటి లేదు. హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమాప్ (ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర సంస్థ) పరిశోధనా కేంద్రంలో అడిగితే అలాంటి పంటలకు తగిన పెద్ద బట్టీల సంగతి చెబుతారు.

అడుగున నీళ్లు అయిపోయి మాడు వాసన వస్తే, ఎర్రగా కాలిన గంజులో చన్నీళ్లు పోయొద్దు. ఒక్కసారిగా లేచే ఆవిరికి ముఖం కాలుతుంది. ఆవిరి సోకితే 20 నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టాలి, పేస్టు, సిరా పూయకూడదు. నూనె చర్మం మీద పడితే ముందు కొబ్బరినూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లు కొట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పిల్లలు తాగితే, ముఖ్యంగా నీలగిరి నూనె అయితే, కొద్ది చెంచాలకే ఫిట్స్ రావచ్చు. వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేయండి. అందుకే నూనెను మంచినీళ్ల బాటిల్లో పోయకండి. ముదురు రంగు గాజు సీసాలో మెడ దాకా నింపి, పేరు, తేదీ రాసి, తాళం ఉన్న అలమరాలో పెట్టండి.

పని అయ్యాక మూతను మీకు అవతలి వైపునుంచి ఎత్తండి, మిగిలిన ఆవిరి అటు పోతుంది. ఉడికిన గడ్డి చెట్ల మొదళ్లలో కప్పొచ్చు. గంజు అడుగున మిగిలిన నీళ్లు మాత్రం బర్రెలకు తాపొద్దు. బోరు నీళ్లు పోసి ఉంటే 7 లీటర్లు 3 లీటర్లకు మరిగాక అందులోని ఫ్లోరైడు రెట్టింపు దాటి చిక్కబడి ఉంటుంది.