ప్రయాణంలో చూసినదాన్ని రాసిపెట్టుకోవడం ఎలా

ప్రయాణం ముగించుకుని ఇంటికి చేరాక తీరిగ్గా రాద్దామనుకునేవారికి మొదట చెప్పవలసిన సంగతి, అప్పటికి రాయడానికి మిగిలేది చాలా తక్కువ అన్నది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర సముదాయాలను కంఠస్థం చేసి, తనను తానే పరీక్షించుకుని 1885లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మరుపులో పెద్ద భాగం మొదటి కొన్ని గంటల్లోనే జరిగిపోతుంది. ఆ తరువాత దాని వేగం మందగిస్తుంది. మనం దారిలో చూసినవి అర్థం లేని అక్షరాలు కావు కాబట్టి అంత త్వరగా చెరిగిపోవు గాని, చెరిగిన చోట మనసు ఊరుకోక తనకు నచ్చినదాన్ని పూరించి పెడుతుంది. ఒక కొండ మీది కోటకు 300 మెట్లు ఎక్కానని నేను చాలా ఏళ్లు అందరికీ చెబుతూ వచ్చాను. పాత నోటు పుస్తకం తీసి చూస్తే 142 అని నా చేతిరాతలోనే ఉంది.

కాబట్టి రోజుకు రెండుసార్లు రాయడం మంచిది. చూసిన చోటనే నాలుగైదు మాటలు గీకి పెట్టుకుని, అదే సాయంత్రం ఓ ఇరవై నిమిషాలు కూర్చుని వాటిని పూర్తి వాక్యాలుగా మార్చాలి. ఈ రెండో పని మరునాటికి వాయిదా వేస్తే ఆ నాలుగైదు మాటలు ఎందుకు రాశామో మనకే అంతుపట్టదు. ఏవి రాయాలన్న దానికి నేను పెట్టుకున్న కొలత ఒకటే: ఇంటికి వెళ్లాక మరెక్కడా దొరకనిది ముందు రాయాలి. కట్టడం ఎత్తు, దాన్ని కట్టించినవారి పేరు, కట్టిన సంవత్సరం ఎప్పుడైనా వెతికి తెలుసుకోవచ్చు. లోపలికి అడుగు పెట్టగానే వచ్చిన వాసన, టికెట్ ఇచ్చిన మనిషి అన్న మాట అన్నట్టుగానే, ఎంతసేపు నిలబడవలసి వచ్చింది, రాకముందు ఏమి ఊహించుకున్నాం అన్నవి ఏ గ్రంథంలోనూ ఉండవు. ముఖ్యంగా ఆ చివరిది తప్పక రాసుకోవాలి. కళ్లతో చూసిన మరుక్షణం అంతకు ముందున్న ఊహ మాయమై, మొదటి నుంచీ ఇలాగే ఉంటుందని తెలిసినట్టే అనిపిస్తుంది.

సాధనాల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. పెన్సిల్ రాత తడికి అలుక్కుపోదు. సిరా కలం విమానంలో పైకి వెళ్లినప్పుడు బయటి గాలి ఒత్తిడి తగ్గి, కలంలో ఉన్న గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది కాబట్టి దాన్ని పాళీ పైకి ఉండేలా నిలబెట్టి పెట్టుకోవాలి. టికెట్లు, రసీదులు పుస్తకంలో అంటించి నిశ్చింతగా ఉండేవారు గమనించవలసింది, వాటిలో చాలా వరకు వేడికి రంగు మారే కాగితం మీద ముద్రించినవే. ఎండకో వేడికో కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. వెంటనే ఫోటో తీసి, ముఖ్యమైన అంకెలను పక్కనే రాసుకోవాలి. ఖర్చులను ఆ దేశపు కరెన్సీలోనే రాసి, ఆనాటి మారకం రేటును ఒకసారి నమోదు చేస్తే చాలు.

తేదీల విషయంలో మాత్రం కాస్త పట్టుదల ఉండాలి. భూమిని మొదటిసారి చుట్టి వచ్చిన మాజెలాన్ నౌకాయాత్రలో పాల్గొన్న ఆంటోనియో పిగఫెట్టా ప్రతిరోజూ తప్పకుండా దినచర్య రాశాడు. 1522 జూలైలో వారి ఓడ కేప్ వర్డ్ దీవులు చేరేసరికి ఆయన లెక్క ప్రకారం బుధవారం కాగా, అక్కడివారు గురువారం అన్నారు. ఒక్క రోజూ మానకుండా రాసినవాడు కాబట్టి తన లెక్క తప్పలేదని ఆయన నిలబడగలిగాడు. ఎప్పుడూ పడమరకే సాగుతూ భూమిని చుట్టి రావడం వల్ల ఒక రోజు తగ్గిందన్న సంగతి అలా బయటపడింది. మన అవసరం అంత పెద్దది కాకపోయినా, ఏ సమయం రాసినా అది ఆ ఊరి గడియారమో ఇంటి గడియారమో సూచించాలి. ఫోన్ తనంతట తాను సమయం మార్చుకుంటుంది గాని, విడి కెమెరాలో మనం మార్చకపోతే పాత సమయమే నడుస్తూ, తరువాత ఫోటోల వరుస తారుమారవుతుంది.

ఫోటోలు ఉన్నాయి కదా, రాయడం దేనికి అని అడిగేవారికి ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అమెరికాలో లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నింటిని ఫోటో తీయమని కోరింది. మొత్తం వస్తువును ఫోటో తీసినప్పుడు దాని వివరాలు తక్కువగా గుర్తున్నాయని, ఒక భాగాన్ని దగ్గరగా తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదని 2014లో ప్రచురించిన ఆ అధ్యయనం తెలిపింది. కాబట్టి ముందు కాసేపు చూడాలి, తరువాత ఏ భాగం మనల్ని ఆపిందో ఆ భాగాన్నే తీయాలి. ఊరి పేర్లు, వీధుల పేర్లు ఉన్న బోర్డులను తీసుకుంటే తెలియని లిపిలోని పేరును తప్పుగా రాసే ప్రమాదమూ తగ్గుతుంది. సైనిక స్థావరాలు, సరిహద్దు తనిఖీ కేంద్రాల వద్ద చాలా దేశాల్లో ఫోటోలు నిషేధం. అక్కడ నోటు పుస్తకం తీసి రాస్తూ నిలబడటం కూడా తెలివైన పని కాదు.

ఇక అసలు చిక్కు మన కళ్లలోనే ఉంది. స్వదేశంలో బోర్డులన్నీ చదవగలం కాబట్టి దేన్నీ పరికించి చూడం. మాట అర్థమవుతుంది కాబట్టి గొంతు ఎలా పలికిందో వినం. విదేశంలో దీనికి సరిగ్గా తలకిందులుగా ప్రతిదీ వింతే. రెండు రోజులు గడవకముందే “ఈ దేశస్థులు” అంటూ వాక్యాలు మొదలుపెడతాం. నా మొదటి విదేశ ప్రయాణపు పుస్తకంలో అలాంటి వాక్యాలు పేజీకి మూడు చొప్పున ఉన్నాయి, వాటిని ఇప్పుడు చదవడానికి సిగ్గుగా ఉంటుంది. ఎందరిని చూసి ఆ మాట అన్నామో లెక్క రాయాలి. “ఇక్కడివారు ముభావంగా ఉంటారు” అని కాకుండా “ఉదయం రైలులో దారి అడిగిన ఇద్దరిలో ఒకరు తల ఎత్తలేదు, రెండోవారు దిగి వచ్చి చూపించారు” అని రాస్తే, మొదటి వాక్యం నిలబడదని రాసేవారికే తెలిసిపోతుంది.

స్వదేశంలోనూ విదేశంలోనూ ఒకే ప్రశ్న వెంట తీసుకువెళ్లడం నాకు బాగా పనికివచ్చిన పద్ధతి. నేను ఎంచుకున్న ప్రశ్న, మనుషులు దారి ఎలా చెబుతారు అన్నది. కొందరు కుడి ఎడమలు చెబుతారు, కొందరు దిక్కులు చెబుతారు, కొందరు కనిపించే గుర్తులు చెబుతారు. దూరాన్ని ఒకరు కిలోమీటర్లలో చెబితే మరొకరు నిమిషాల్లో చెబుతారు, ఆ నిమిషాలు నడకవో వాహనానివో మనమే తేల్చుకోవాలి. ఎప్పుడో ఆరునెలల తేడాతో చేసిన ప్రయాణాల నోట్సు పక్కపక్కన పెట్టినప్పుడు, స్వదేశంలో ఎన్నడూ వింతగా తోచని విషయం వింతగా కనిపిస్తుంది. క్యూలో మనుషుల మధ్య ఎంత ఎడం ఉంటుంది, రోడ్డు దాటేవారికి వాహనం ఎక్కడ ఆగుతుంది వంటివేవైనా తీసుకోవచ్చు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి, మధ్యలో మార్చకూడదు.

ప్రతి వాక్యం పక్కన అంచులో ఒక అక్షరం పెట్టే అలవాటు కూడా చేసుకోవాలి: చూసినదానికి “చూ”, విన్నదానికి “వి”, చదివినదానికి “చ”. 1325లో మొరాకోలోని స్వస్థలం టాంజియర్ నుంచి బయలుదేరిన యాత్రికుడు ఇబ్న్ బతూతా దశాబ్దాల తరువాత తన యాత్రలను ఇబ్న్ జుజయ్ అనే రచయిత చేత రాయించాడు. బుఖారాలో సమాధుల మీది రాతలు నకలు చేసుకున్నానని, సముద్రంలో దోపిడీకి గురైనప్పుడు అవి పోయాయని ఆయనే చెప్పాడు. ఆ గ్రంథంలో కొన్ని వర్ణనలు అంతకు ముందరి యాత్రికుడు ఇబ్న్ జుబైర్ రచన నుంచి తీసుకున్నవని పండితులు తేల్చారు. ఆయనంతటి యాత్రికుడి విషయంలోనే స్వయంగా చూసింది ఏది, అరువు ఏది అని ఈనాటికీ వెతుకుతున్నారు. దోపిడీ భయం మనకు లేకపోయినా, ప్రతి రాత్రీ ఆనాటి పేజీలను ఫోటో తీసి వేరే చోట దాచడం అవసరమే.

నోట్సును వ్యాసంగా మార్చేటప్పుడు బయలుదేరిన ఉదయం నుంచి మొదలుపెట్టనవసరం లేదు. రైలు ఆలస్యం, సామాను బరువు చదివేవారికి అక్కర్లేదు. కొన్ని వారాలు పుస్తకం మూసి ఉంచి, మళ్లీ తెరిచినప్పుడు ఏ పేజీ దగ్గర చేయి ఆగుతుందో అక్కడ మొదలుపెట్టాలి. ఎవరి కోసం రాస్తున్నామో తోచకపోతే ఒక్క మనిషిని ఎదుట ఊహించుకోవచ్చు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చేవరకు జరిగిన విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాశారు. ఆ మిత్రుడే 1838లో వాటిని అచ్చువేయించారు. స్నేహితుడికి రాసేటప్పుడు గొప్పలు తగ్గుతాయి, వివరాలు పెరుగుతాయి. దారిలో ఆదరించినవారి పేర్లు, వారి ఇంటి గుర్తులు మాత్రం వారు ఒప్పుకుంటే తప్ప బయటపెట్టకూడదు.

రాసినదాన్ని వెంట వచ్చినవారికి ఒకసారి చూపించాలి. వర్షం పడింది ముందు రోజని, ఆ మాట అన్నది డ్రైవర్ కాదని వారు తప్పక అంటారు. ఫోటోల్లో ఉన్న సమయం చూస్తే సగం వివాదాలు తీరుతాయి. తీరనిచోట ఇద్దరి మాటా రాసి వదిలేయవచ్చు.