బారువ నుంచి నౌపడ దాకా: జీడి తోటల్లో, ఇసుక బాటల్లో సైకిలు మీద

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సైకిలు తొక్కాలనుకునేవారికి నేను మొదట చెప్పే మాట ఒకటే: దూరం తర్వాత చూడండి, ముందు నేల చూడండి. జాతీయ రహదారికీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో మూడు రకాల నేలలున్నాయి. ఎర్ర గ్రావెల్ మీద ముప్పై కిలోమీటర్లు హాయిగా సాగిపోతాయి. సరుగుడు తోటల వెనక ఇసుకలో ఐదు కిలోమీటర్లకే తొడలు పట్టేస్తాయి. ఉప్పు మళ్ళ దగ్గరి నల్లమట్టి, వాన వెలిసిన మర్నాడు, ఒక్క కిలోమీటరు కూడా సాగనివ్వదు. సోంపేటలో పిల్లలకు సైన్సు చెబుతూ, సెలవు రోజుల్లో ఈ దారుల వెంట తిరిగే నేను పాటించే వరుస ఇది: ముందు నేల, తర్వాత గాలి, ఆ తర్వాతే కిలోమీటర్లు.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి బారువలో బయలుదేరి నౌపడ వైపు వస్తే వీపున తోసినట్టే ఉంటుంది. మార్చి దాటాక నైరుతి గాలి మొదలవుతుంది, అప్పుడు నౌపడలో మొదలుపెట్టి బారువకు వెళ్ళాలి. నా మట్టుకు నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకానే అసలైన కాలం. అక్టోబరులో తుపాన్ల భయం ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను ఎలా కూల్చేసిందో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. అప్పుడు పడిపోయిన పెద్ద చెట్ల చోట మళ్ళీ నాటిన మొక్కలు అన్నిచోట్లా గుబురుగా ఎదగలేదు. కాబట్టి తోటల్లో అంతటా నీడ దొరుకుతుందనుకోకండి, తలకు, మెడకు ఎండ తగలకుండా చూసుకోండి.

సైకిలు ఖరీదైనదే కావాలని లేదు. మట్టి, కంకర బాటల కోసమే చేసే గ్రావెల్ బైకు ఉంటే మంచిదే. లేకపోతే 40 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గని టైర్లు పట్టే హైబ్రిడ్ సైకిలు చాలు. సన్న టైర్ల రోడ్డు సైకిలు మాత్రం ఇక్కడికి తేవద్దు. డెబ్బై కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 35, 40 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి గ్రావెల్ మీద సరిపోతుంది. ఇసుక దగ్గర అందులో నాలుగో వంతు తీసేయండి. ట్యూబులున్న టైర్లలో ఇంకా తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది పల్లేరు. వానలు తగ్గాక బాట అంచుల్లో, పశువులు మేసే బీళ్ళలో కాయలు ఎండి రాలి ఉంటాయి. ఒక కాయ విడిపోతే ఐదు ముక్కలు, ప్రతి ముక్కకూ గట్టి ముళ్ళు. ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. అందుకే బాట అంచుకు పోకుండా బళ్ళు నడిచి గట్టిపడిన చారలోనే తొక్కాలి. గుచ్చుకున్నా గాలి వెంటనే పోకపోతే, బాగు చేసుకునే చోటు దొరికేదాకా ఆ ముల్లు లాగకండి, అదే చిల్లుకు అడ్డుగా ఉంటుంది. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల పాత గుడ్డతో చుట్టూ తుడవండి. లోపల విరిగి ఉండిపోయిన మొన కంటికి కనిపించదు, గుడ్డకు తగులుకుంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్ళీ దిగాల్సిందే. ఇంకో సంగతి: ఖరీదైన సైకిళ్ళకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వుకు ఊళ్ళో పంక్చర్ షాపు పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి సంచిలో పడేసుకోండి.

ఇక దారి. బారువలో మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌసు చూసుకుని దక్షిణానికి తిరగండి. దారి తప్పుతామన్న బెంగ అక్కర్లేదు. ఎడమ పక్కన సముద్రం ఉంటుంది. కుడి పక్కకు తిరిగిన ఏ ఊరి రోడ్డయినా చివరికి జాతీయ రహదారికో రైలు పట్టాలకో చేరుస్తుంది. మందస మండలపు తీర గ్రామాలు దాటి అక్కుపల్లి వచ్చేదాకా నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కొబ్బరి, జీడి, పనస, మధ్యలో ఎర్ర బాట, ఉన్నట్టుండి ఇసుక. ఇసుక కనిపించిన తర్వాత గేరు మార్చబోతే చైను బిగుసుకుంటుంది. పది అడుగుల ముందే తేలిక గేరులోకి రండి. బరువు సీటు వెనక్కి జరపండి. హ్యాండిలు వదులుగా పట్టుకుని, తిప్పకుండా, ఒకే వేగంతో తొక్కండి. ముందు చక్రం అటూ ఇటూ ఊగినా కంగారుపడి బ్రేకు వేయకండి. ఇరుకు బాటల్లో మొగలి పొదల ఆకుల అంచులు చేతులు గీస్తాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మేలు.

ముందున్న బాట ఎలా ఉందని ఊళ్ళో అడిగితే "బాగానే ఉందమ్మా" అంటారు. ఆ జవాబు సరిపోదు. "మోటారు సైకిలు మీద ఇద్దరు దిగకుండా వెళ్ళగలరా, పెద్దయ్యా?" అని అడగండి. వెళ్ళగలరంటే మీరూ వెళ్ళగలరు. ట్రాక్టరు మాత్రమే వెళ్తుందంటే వేరే దారి చూసుకోండి. ఆడవాళ్ళం ఒంటరిగా వెళ్తే "ఎవరింటికమ్మా?" అన్న ప్రశ్న ప్రతి ఊళ్ళోనూ వస్తుంది. నిలబడి జవాబు చెప్పి వెళ్తాను. నేను ఏ బాట పట్టానో ఆ ఊరికి తెలిసి ఉండటం నాకు రక్షణ.

అక్కుపల్లి తర్వాత నువ్వలరేవు, దేవునల్తాడ మీదుగా భావనపాడు. మత్స్యకారుల ఊళ్ళలో వలలు, చేపలు దారి పక్కనే ఆరబెడతారు. నూర్పుల రోజుల్లో సిమెంటు రోడ్డు సగం ధాన్యమే. దిగి నడిపించుకు వెళ్ళండి. అలలు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిగా ఉండి రమ్మని పిలుస్తుంది, అయినా బీచి మీద తొక్కవద్దు. జనవరి మొదలు వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఇసుక కింద గూడు ఎక్కడుందో పైకి తెలియదు. అటవీ శాఖ వాళ్ళు ఆ గుడ్లను ఏరి, పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతారు. వాళ్ళ కంటపడని గూడు మన చక్రం కింద పడకూడదు.

భావనపాడు నుంచి లోపలికి తిరిగితే తేలినీలాపురం. చలికాలంలో పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీదే కాపురం పెడతాయి. గంట సేపైనా ఆగండి. అక్కడి నుంచి నౌపడ ఉప్పు మళ్ళు దగ్గరే. నల్లమట్టి తడిగా ఉంటే గట్టు ఎక్కవద్దు. టైరుకూ ఫ్రేముకూ మధ్య మట్టి బిగిసి చక్రం తిరగదు. తిరుగు ప్రయాణానికి ట్రాలీ ఆటో మాట్లాడుకుని పలాస చేరడం తేలిక. చిన్న స్టేషన్లలో రైలు ఆగే కాస్త సమయంలో లగేజీ పెట్టెలోకి సైకిలు ఎక్కించడం కష్టం.

ఎలుగుబంట్ల గురించి గట్టిగా చెప్పాలి. జీడిపళ్ళు, పనసపళ్ళు పండే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో అవి తోటల్లోకి వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి దాడి చేసి ఒకరి ప్రాణం తీసింది, మరికొందరిని గాయపరిచింది. సైకిలు చప్పుడు చేయదు, అదే ప్రమాదం. మలుపు తిరిగేసరికి ఎదురుపడితే అది బెదిరి మీద పడుతుంది. సూర్యుడు పైకి వచ్చాకే తోటల్లోకి వెళ్ళండి, సాయంత్రం వెలుగుండగానే బయటపడండి. మలుపుల దగ్గర గంట కొట్టండి, పైకి మాట్లాడండి, చెవుల్లో పాటలు పెట్టుకోకండి. పిల్లలతో ఉన్న ఎలుగు కనిపిస్తే ఫోటో కోసం ఆగకుండా, చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి నడవండి.

అడవి దారి కావాలంటే మందస నుంచి మహేంద్రగిరి అడుగున ఉన్న సవర గిరిజనుల గూడేల వైపు వెళ్ళాలి. 1501 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలో ఉంది. మనం తొక్కేది దాని పాదాల దగ్గరి గ్రావెల్ రోడ్లు. దిగుడులో వదులు రాళ్ళ మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. దిగుడు మొదలవక ముందే వేగం తగ్గించుకుని, వెనక బ్రేకు మీద ఎక్కువ ఆధారపడండి. అడవిలోకి ఎంతవరకు వెళ్ళవచ్చో ముందుగా అటవీ సిబ్బందిని అడగండి. తిరిగి వస్తూ మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా తినండి.

కొత్తవారు వీటి జోలికి రాకుండా శ్రీకాకుళం నుంచి శాలిహుండం వెళ్ళి, బౌద్ధ స్తూపాల కొండ ఎక్కి, కళింగపట్నంలో వంశధార సముద్రాన్ని కలిసే చోటు చూసి, శ్రీకూర్మం మీదుగా ఇంటికి రావచ్చు. ఎక్కువ భాగం తారు రోడ్డే. మధ్యలో దొరికే మట్టి బాటల మీద కాస్త కాస్త అలవాటు చేసుకోవచ్చు.

ఏ దారిన వెళ్ళినా మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎన్ని ఇళ్ళను కుంగదీశాయో తెలిసినదాన్ని కాబట్టి బోరు నీటి మీద ఆధారపడను, ఇంటి నుంచే తీసుకెళ్తాను, తోటల దగ్గర కొబ్బరి బోండం కొనుక్కుంటాను. ఇల్లు చేరగానే, మీరు స్నానం చేయక ముందే, సైకిలును మంచినీళ్ళతో కడగండి. నీళ్ళ పైపు ధారగా బేరింగుల మీదికి కొట్టకుండా, బకెట్టులో గుడ్డ ముంచి తుడవండి. చైను పొడిగా ఆరాక ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. ఉప్పు గాలి తగిలిన చైనును మర్నాడు కడుగుదాంలే అని వదిలేస్తే, పొద్దున్నకల్లా లింకుల మీద ఎర్రగా తుప్పు కనిపిస్తుంది.