సొంతంగా నింపిన ఐ-130ని పంపే ముందు లాయరుకు ఎలా చూపించాలి

అమెరికా పౌరసత్వం వచ్చిన ఏడాదే అమ్మానాన్నల గ్రీన్ కార్డు కోసం ఐ-130, అంటే దగ్గరి బంధువుల కోసం వేసే పిటిషన్ ఫారం, నేనే నింపాను. పద్దులు చూసే ఉద్యోగం నాది, ఫారాలంటే బెదిరే రకం కాదు. మూడు శనివారాలు కూర్చుని పూర్తిచేసి, రెండుసార్లు సరిచూసుకుని, కవరు కూడా సిద్ధం చేశాను. మా ఆవిడ ఊరుకోలేదు. ఆమె పోరు పడలేక ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర గంటసేపు సమయం తీసుకున్నాను. లాయరుగారు మొదటి పేజీ పైపైన చూసి, "రెండోది ఏది?" అని అడిగారు.

రెండోది లేదు. నాన్నగారి పేరున ఒక్కటే వేసి, అందులో అమ్మను ఆయన భార్యగా చూపించాను. హెచ్-1బీ ఉద్యోగ వీసా వెంట భార్యకో భర్తకో హెచ్-4 వచ్చినట్టు, ఆయనతోపాటు అమ్మకూ వచ్చేస్తుందని నా లెక్క. పౌరులు తల్లిదండ్రులకు వేసే పిటిషన్‌లో ఆ వెసులుబాటు లేదు. ఇద్దరికీ విడివిడిగా వేయాలి, రుసుమూ విడివిడిగానే కట్టాలి. నేను ఇంకో పదిసార్లు సరిచూసినా ఇది దొరికేది కాదు, ఎందుకంటే ఈ తప్పు ఫారంలోని ఏ గడిలోనూ కనిపించదు.

అందుకే ఫారం ఒక్కటీ పట్టుకెళ్లి "ఒకసారి చూసిపెట్టండి" అంటే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఫారం విడిగా చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. తేడాలన్నీ ఫారానికీ, దాని వెనక జతచేసే పత్రాలకూ మధ్య ఉంటాయి. కాబట్టి జతచేసే ప్రతి పత్రాన్నీ తీసుకెళ్లండి. వాటితోపాటు మీ అమ్మానాన్నలు గతంలో విజిటర్ వీసా కోసం నింపిన డీఎస్-160 దరఖాస్తు ప్రతులు ఉంటే అవి కూడా. అప్పుడు చెప్పిన పెళ్లి తేదీ ఒకటి, ఇప్పుడు చెబుతున్నది మరొకటి అయితే అధికారికి అనుమానం రాక మానదు.

ఎవరికి చూపించాలన్నది తేల్చుకోవడం తేలికే. లాయరుకు చూపించవచ్చు. ఇమ్మిగ్రేషన్ సమాఖ్య చట్టం కాబట్టి ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా పనికొస్తారు. వారి లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో ఆ రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైటులో చూసుకోండి. అంత ఖర్చు వద్దనుకుంటే, న్యాయశాఖ గుర్తించిన సేవాసంస్థల్లో అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్‌లు, అంటే లాయర్లు కాకపోయినా ఈ పనికి అనుమతి ఉన్న ప్రతినిధులు ఉంటారు. ఆ జాబితా న్యాయశాఖ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. ఇక నోటరీలు, పన్నులు నింపిపెట్టేవారు, "మా వాళ్లకు పదిమందికి వేశాను" అనే పెద్దమనుషులు చట్టపరమైన సలహా ఇవ్వడానికి అర్హులు కారు. నోటరీ అనగానే మనవాళ్లకు కాస్త గౌరవం ఎక్కువ. అమెరికాలో నోటరీ పని ప్రధానంగా సంతకాన్ని ధ్రువీకరించడమే.

ఫోనులోనే చెప్పేయండి: "ఫారాలు నేనే నింపుకున్నాను, నేనే పంపుతాను, నాకు సమీక్ష మాత్రమే కావాలి." ఇలాంటి పని తీసుకోని లాయర్లు ఉన్నారు, తీసుకునేవారూ ఉన్నారు. తీసుకునేవారిని ఎంత అవుతుందో, అందులో ఏమేమి చూస్తారో రాతపూర్వకంగా అడగండి. జీ-28 ఫారం వేస్తారా అని కూడా అడగండి. అది వేస్తే వారు మీ తరఫు ప్రతినిధి అవుతారు. వేయకపోతే ఉత్తరప్రత్యుత్తరాల బాధ్యత అంతా మీదే. ఒక హెచ్చరిక: మీ ఫారం వారే నింపితే, నింపినవారి వివరాలకు ఫారం చివర కేటాయించిన చోట వారు సంతకం చేయాలి. "మా పేరు ఎక్కడా రాకుండా నింపిపెడతాం" అనేవారి గుమ్మం తొక్కకండి.

ఆ గంటలో లాయరుగారు చేసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. ఫారం నా చేతికిచ్చి, పత్రాలు తన ముందు పెట్టుకున్నారు. ఆవిడ పత్రం చూసి పైకి చదవడం, నేను ఫారంలో వేలుపెట్టి పోల్చుకోవడం. నా జనన ధ్రువపత్రం దగ్గరే ఆగిపోయాం. అందులో తల్లి పేరు లక్ష్మి. అమ్మ పాస్‌పోర్టులో మహాలక్ష్మి, ముందు నాన్నగారి ఇంటిపేరు. అమ్మ పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, అదీ పొడి అక్షరంగా. మనకు ముగ్గురూ ఒక్కరేనని చెప్పనక్కర్లేదు. ఫైలు చూసే అధికారికి మాత్రం ముగ్గురు మనుషులు. గతంలో వాడిన ఇతర పేర్లు రాయడానికి ఐ-130లో చోటు ఉంది. దాన్ని నేను ఖాళీగా వదిలేశాను. లక్ష్మి, పుట్టింటి ఇంటిపేరు రెండూ అక్కడ చేర్పించారు. పేర్లన్నీ ఒకరివేనని తెలిపే అఫిడవిట్ కూడా జత చేయమన్నారు.

తరువాత తేదీలు. అమ్మానాన్నల వివాహ ధ్రువపత్రంలో 04-07-1974 అని ఉంది. అంటే జూలై 4. నేను ఉన్నది ఉన్నట్టు దించేశాను. అమెరికా ఫారంలో నెల ముందు రావాలి కాబట్టి, పెళ్లిని మూడు నెలలు ముందుకు జరిపి ఏప్రిల్ 7న చేసేశానన్నమాట. రోజు పన్నెండు దాటితే ఆ తప్పు తనంతట తానే దొరికిపోతుంది, పన్నెండో నెల తరువాత నెల లేదు కదా. పన్నెండు లోపు తేదీలతోనే చిక్కు. అలాంటి వాటికి పెన్సిలుతో చుక్క పెట్టుకుని ఒక్కొక్కటే చూడండి.

ఏ పత్రం ఎవరికి అన్నది కూడా అక్కడే తేలింది. తల్లికి వేసేటప్పుడు బంధుత్వానికి ఆధారంగా ఆమె పేరున్న మీ జనన ధ్రువపత్రం సరిపోతుంది. తండ్రికి వేసేటప్పుడు దానితోపాటు వారి వివాహ ధ్రువపత్రం కూడా కావాలి. మీ పౌరసత్వ రుజువు రెండింటికీ ఉండాలి. తెలుగులో ఉన్న పత్రానికి పూర్తి ఆంగ్ల అనువాదం జత చేయాలి. అనువాదం సంపూర్ణమనీ, సరైనదనీ, ఆ భాష నుంచి అనువదించే సామర్థ్యం తనకుందనీ అనువాదకులు రాసి సంతకం చేయాలి. నేను చేద్దామనుకున్నాను కానీ, దరఖాస్తుదారు కాకుండా మరొకరు చేస్తే మేలన్నారు. మా ఆవిడ స్నేహితురాలు చేసిపెట్టారు.

సమీక్షతో సరిపోని సందర్భాలు ఉన్నాయి. కొట్టేసిన కేసైనా సరే అరెస్టు ఉన్నా, అమెరికాలో గడువు మించి ఉండిపోయినా, వీసా దగ్గర తప్పుడు సమాచారం ఇచ్చారన్న మచ్చ ఉన్నా, కాకపోయినా ఎప్పుడైనా అమెరికా పౌరులమని చెప్పుకున్నా గంట సలహాతో నెట్టుకురావద్దు. లాయరును పూర్తిగా పెట్టుకోండి.

దిద్దుబాట్ల దగ్గర నేను ఇంకో తప్పు చేయబోయాను. మారిన పేజీలు మాత్రం కొత్తగా దించుకున్న ఫారం నుంచి ప్రింటు తీసి పాతవాటి మధ్య దూర్చాను. ఈలోగా కొత్త ఎడిషన్ వచ్చింది. ప్రతి పేజీ అడుగున ఎడిషన్ తేదీ ఉంటుంది. అవి కలగాపులగమైతే కట్ట మొత్తం తిప్పి పంపేయవచ్చు. అలా తిరిగొస్తే దరఖాస్తు వేసిన తేదీ కూడా దక్కదు. మొత్తం మళ్లీ ప్రింటు తీసి, రెండు ఫారాల మీదా పెన్నుతో సంతకం చేశాను. టైపు చేసిన పేరు సంతకం కింద చెల్లదు.

రుసుము సంగతి పంపే రోజునే ఈ దరఖాస్తులు చూసే ఇమ్మిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో చూసుకోండి. 2024 ఏప్రిల్ 1న ఐ-130కి కాగితం మీద 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625 డాలర్లుగా నిర్ణయించారు. 2025 అక్టోబరు 28 తరువాత కాగితపు దరఖాస్తులకు సాధారణంగా చెక్కులు తీసుకోవడం లేదు. కార్డుతో కడితే జీ-1450, బ్యాంకు ఖాతా నుంచి కడితే జీ-1650 జత చేయాలి.

కవరు అంటించే ముందు రెండు కట్టలనూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా స్కాన్ చేసి పెట్టుకోండి. అదనపు ఆధారాలు కావాలని ఉత్తరం వచ్చినప్పుడు, వారి దగ్గర ఏముందో మీకు తెలియాలి కదా. మాకు అలాంటి ఉత్తరం ఒకటి వచ్చింది, నాన్నగారి ఫైలు మీద. స్కాన్ తెరిచి చూస్తే వివాహ ధ్రువపత్రం వెనక వైపు కాపీ తీయడం మరిచిపోయాను.