గిటార్‌కి కొత్త పికప్ – పాఠం 3: డబ్బా మీది అంకెలు

పికప్ అంటే తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే, అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన భాగం. బ్రిడ్జ్ పికప్ తీగలు కట్టిన కొస దగ్గర, నెక్ పికప్ మెడ దగ్గర ఉంటాయి. పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను: మీ ఎలక్ట్రిక్ గిటార్ నాదంలో ఏం నచ్చడం లేదో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోమని. "సౌండ్ బాలేదు" అని రాసినవాళ్లు మళ్లీ రాయాలి. "బ్రిడ్జ్ పికప్‌లో మొదటి తీగ చెవిలో గుచ్చుకుంటోంది", "నెక్ పికప్‌లో లావు తీగలు ముద్దగా ఉన్నాయి", "డిస్టార్షన్ పెడితే గుయ్‌మని ఒకటే రొద". ఇలా ఉండాలి. ఆ వాక్యం లేకుండా దుకాణానికి వెళితే మీకు కావలసింది కాదు, వాళ్ల దగ్గర మిగిలిపోయింది ఇంటికొస్తుంది.

రొద గురించి రాసినవాళ్లు డబ్బు తీసే ముందు రెండు పరీక్షలు చేయండి. చెన్నై ఫ్లాట్లలో ఫ్యాన్ రెగ్యులేటరు, ఇన్వర్టరు, పాత ట్యూబ్‌లైటు చోకు అన్నీ గిటార్‌కి బారెడు దూరంలోనే ఉంటాయి. గిటార్ పట్టుకుని నిలబడ్డ చోటే నెమ్మదిగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున రొద తగ్గి మరో దిక్కున పెరిగితే, అది 50 హెర్ట్జ్ కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం. సింగిల్ కాయిల్, అంటే ఒకే చుట్ట ఉన్న పికప్, దాన్ని పట్టేస్తుంది. దానికి రెండు చుట్టలతో రొదని కొట్టేసే హమ్‌బకరే మందు. గిబ్సన్ గిటార్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టింది ఈ జబ్బు గురించే. అలా కాక, తీగల మీద చెయ్యి వేయగానే రొద తగ్గి, తీయగానే పెరిగితే తప్పు పికప్‌ది కాదు, లోపలి షీల్డింగ్‌ది, అంటే బయటి రొదని అడ్డుకునే లోహపు పొరది. రాగి టేపుతో పోయేదానికి వేల రూపాయలెందుకు? తీగ ముట్టుకుంటే చురుక్కుమంటే మాత్రం పాఠం పక్కన పెట్టి, ముందు ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి.

ఇక పికప్ డబ్బా మీది అంకెలకి వద్దాం. అన్నిటికంటే పెద్దక్షరాల్లో ఉండేది డీసీ రెసిస్టెన్స్. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ తరహా సింగిల్ కాయిల్‌కి సుమారు 6 కిలో ఓమ్‌లు, పాతకాలపు తరహా హమ్‌బకర్‌కి 7.5 నుంచి 8.5 వరకు, "హాట్" (అవుట్‌పుట్ ఎక్కువ) అని అమ్మేవాటికి 13 నుంచి 16 దాకా ఉంటుంది. "పదహారు ఉంది సార్, మంచి పవర్" అని కౌంటర్ దగ్గర వినిపించేది ఈ అంకె గురించే.

నన్నడిగితే, ఈ అంకెకి జనం ఇచ్చే గౌరవం దానికి తగినదానికంటే చాలా ఎక్కువ. రెసిస్టెన్స్ చెప్పేది పికప్ కాయిల్‌కి చుట్టిన రాగి తీగ పొడవు, సన్నదనం గురించి. శబ్దం గురించి కాదు. మామూలుగా వాడేది 42 గేజ్ రాగి తీగ, మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. అన్నే చుట్లు 43 గేజ్‌తో చుడితే తీగ సన్నబడింది కాబట్టి రెసిస్టెన్స్ పాతిక శాతం దాకా పెరుగుతుంది. 8 కాస్తా 10 అవుతుంది. అవుట్‌పుట్ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. అందుకని ఒకే కంపెనీ, ఒకే చుట్టు తీగ, ఒకే అయస్కాంతం ఉన్న రెండు మోడళ్లని పోల్చడానికే ఈ అంకె పనికొస్తుంది. అంతకు మించి నమ్మకండి.

పైగా రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 8 చూపించే పికప్, మే నెలలో ఏసీ లేని 35 డిగ్రీల గదిలో 8.5 దగ్గరికి పోతుంది. మీటర్ చూసి "కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువ చుట్టారు" అని మురిసిపోనక్కర్లేదు, అది ఎండ మహిమ.

డబ్బా మీద హెన్రీల్లో ఇండక్టెన్స్ (కరెంటులో మార్పుని కాయిల్ అడ్డుకునే గుణం) కూడా ఇచ్చి ఉంటే దాన్ని చదవండి. పికప్ స్వభావం ఇందులో బాగా బయటపడుతుంది. 2.5 దగ్గరుంటే పలుకు మెరుస్తుంది. 4, 4.5 అంటే పాత హమ్‌బకర్ గుండ్రటి స్వరం. 8కి చేరితే మధ్య స్థాయి ఉబ్బుతుంది, పై అంచు మొద్దుబారుతుంది. "చెవిలో గుచ్చుకుంటోంది" అని రాసినవాళ్లు ఈ అంకె పెంచే దిశలో వెళ్లాలి. "ముద్దగా ఉంది" అన్నవాళ్లు తగ్గించే దిశలో.

తర్వాత అయస్కాంతం. ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఇనుము. ఆల్నికో 5 బలమైనది, దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆల్నికో 2 మెత్తన. సిరామిక్ అయస్కాంతం అంటే చవక, కర్కశం అని కొట్టిపారేయడం అన్యాయం. 1970ల మొదట్లో వచ్చిన డిమార్జియో కంపెనీ సూపర్ డిస్టార్షన్ పికప్‌లో ఉన్నది సిరామిక్కే.

ఈ అయస్కాంతం సంగతి మనకి ఇంకో కారణంగా ముఖ్యం. ఈ పాఠాలు చదివేవారిలో రాక్ వాయించేవాళ్లతో పాటు త్యాగరాజ కృతి ఎక్కించాలని చూసేవాళ్లూ ఉన్నారు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం నిలబెట్టాక ఆ ఆశ పడటంలో తప్పేముంది? గమకానికి స్వరం చివరిదాకా నిలవాలి, శ్రుతి చెదరకూడదు. సింగిల్ కాయిల్‌లో కడ్డీ అయస్కాంతాలు నేరుగా తీగల కిందే ఉంటాయి. అవి ఆల్నికో 5వి అయి, పికప్ మరీ పైకి ఉంటే తీగని లాగుతాయి. పన్నెండో ఫ్రెట్ దాటాక ఆరో తీగ మీద జారుడు వాయించి చూడండి. స్వరం ఒకచోట నిలవక రెండు శ్రుతుల మధ్య ఊగిసలాడితే అదే లాగుడు. ముందు లావు తీగల వైపు స్క్రూ తిప్పి పికప్ కిందికి దించండి. సగం మందికి అక్కడితో సరిపోతుంది. అప్పటికీ ఉంటే ఆల్నికో 2 కడ్డీలున్నది గానీ, గిటార్‌లో చోటుంటే హమ్‌బకర్ గానీ చూడండి. హమ్‌బకర్‌లో అయస్కాంతం అడుగున పడుకుని ఉంటుంది, లాగుడు తక్కువ. గమకాలకి 16 కిలో ఓమ్‌ల పికప్ మాత్రం కొనకండి. ప్రతి స్వరాన్నీ ఒకే బరువుతో పలికిస్తుంది, వేలి నొక్కులో తేడా వినిపించదు.

కొలతలు రెండే. పికప్ మీదుగా పోయే మొదటి తీగకీ ఆరో తీగకీ మధ్య దూరం స్కేలుతో చూడండి. 49, 50 మిల్లీమీటర్లయితే గిబ్సన్ తరహా, 52, 53 అయితే ఫెండర్ తరహా. వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ గుండీ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) సింగిల్ కాయిల్‌కి 250 కిలో ఓమ్‌లు, హమ్‌బకర్‌కి 500. హమ్‌బకర్ పెట్టి పాత 250నే ఉంచేస్తే స్వరం మీద దుప్పటి కప్పినట్టుంటుంది, నింద పికప్ మీద పడుతుంది.

ఈ వారం పని: గిటార్ విప్పకుండానే పాత పికప్‌ల రెసిస్టెన్స్ కొలవండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికే మామూలు మల్టీమీటర్ చాలు. కేబుల్ గిటార్‌కి గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, మీటర్‌ని 20 కిలో ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి, రెండో కొస ప్లగ్ మొనకి ఒక ప్రోబ్, మొదలుకి ఒకటి ఆనించండి. పికప్ మార్చే స్విచ్చు, అంటే సెలెక్టర్‌ని ఒక్కో పికప్‌కి మారుస్తూ రాసుకోండి. పాట్ కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి 8 ఉన్నది 7.9 చూపిస్తుంది, కంగారొద్దు. బ్యాటరీ ఉన్న యాక్టివ్ పికప్‌లకి ఈ పద్ధతి కుదరదు. మొదట రాసిన వాక్యం కిందే ఈ అంకెలు, తీగల దూరం, పాట్ విలువ రాయండి. పాట్ విలువ దాని వెనకే ముద్రించి ఉంటుంది, మూత తీస్తే కనిపిస్తుంది.

పాఠం 4లో పాతది ఊడదీసి కొత్తది సోల్డర్ చేస్తాం. అప్పటికి రోజిన్ ఉన్న 60/40 (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) సోల్డర్, 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్ దగ్గర పెట్టుకోండి. పికప్ మాత్రం అప్పుడే కొనొద్దు, మీరు రాసిన కాగితం ముందు ఇంకోసారి చూద్దాం.