మీ కింద నలుగురు పనిచేస్తుంటే ఇది చేసి చూడండి

అనంతపురంలో చెనిక్కాయల మిల్లులో 20 మందితో పని చేయిస్తా నేను. మన కంటికింద నలుపు మనకి కనపడదు కదా, 1955లో లుఫ్ట్, ఇంగమ్ అని ఇద్దరు సైకాలజిస్టులు చెప్పిన జోహారీ విండోలో (మన గురించి మనకేం తెలుసు, ఎదుటోళ్ళకేం తెలుసు అని చూపే నాలుగు గడుల పటం) ఒక గడి అచ్చంగా దీనికే, ఎదుటోళ్ళకి తెలిసి మనకి తెలియనిది. "నాలో తప్పేముంది" అని అడిగితే "ఏం లేదన్నా" అంటారు అంతే, అందుకే "నేను ఏ ఒక్కటి మార్చుకుంటే నీ పని సులువైతాది" అని ఒక్కొక్కర్నే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, కొత్తోళ్ళని ముందు. వాళ్ళు చెప్తుంటే మధ్యలో సర్దిచెప్పుకోవద్దు, అసలు కష్టం అదే.

మా హమాలీ ఒకాయన "లోడు దిగకముందే తొందర పెడతావన్నా, తూకం తప్పేది అందుకే" అన్నాడు, ఆరేళ్ళుగా నాకు తెలీదు ఇది! వారం ఆగి మళ్ళా ఆయన్నే అడిగినా, తగ్గిందా అని. తప్పకుండా ఇట్ల మళ్ళా అడగండి, లేకుంటే ఇంకోసారి నోరు విప్పరు.