పిల్లలతో పాంపేయి శిథిలాలకు వెళ్లే ముందు

ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలకు ఇటలీలోని పాత రోమన్ నగరం పాంపేయిలో రోమన్ల చరిత్ర చూపించబోతున్నారా? ముందు ఇవి సరిచూసుకోండి.

టికెట్లు ముందే, పాస్‌పోర్టులోని పేర్లతోనే కొనండి. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు. పేరు కలవకపోతే ప్రయాణమంతా గేటు దగ్గరే వృథా కావచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, వయసు రుజువు మాత్రం ఉండాలి.

మృతుల అచ్చుల గురించి ముందు రోజే చెప్పండి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం పేలి కమ్మేసిన బూడిద కింద శరీరాలు మిగిల్చిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి తీసినవి అవి. చెప్పకుండా చూపిస్తే చిన్నపిల్లలు బెదిరిపోతారు. తెలిసి చూస్తే ఆ మనుషుల మీద జాలి కలుగుతుంది, నాకు అదే అసలు పాఠం.

చిన్న సంచి చాలు. పెద్దవి లోపలికి రానివ్వరు.

చంటిబిడ్డను తోపుడు బండిలో కాక ఎత్తుకుని వెళ్లండి. రాతి వీధుల్లో నాటి బండి చక్రాల గాడులు ఇంకా లోతుగా ఉన్నాయి.

టోపీలు, నీళ్లు మరవకండి. నీడ బాగా తక్కువ.